సైకిల్ మీద దారిచూపే పరికరం

సైకిల్ తొక్కుతూనే దారి తెలుసుకోవడానికి, చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ పరికరాన్ని హ్యాండిల్ మీద బిగించుకోవడం గత పాతికేళ్లలో ప్రపంచమంతా వ్యాపించిన అలవాటు. ఆ పరికరం చేతి జీపీఎస్ కావచ్చు, సైకిల్ కోసమే తయారైన చిన్న కంప్యూటర్ కావచ్చు, అందరి జేబుల్లో ఉండే ఫోనే కావచ్చు. పని చూస్తే చిన్నదిగానే కనబడుతుంది: ఒక క్లాంపు, ఒకటి రెండు బోల్టులు. కానీ పరికరం కిందపడకుండా చూడడం అందులో సగం పనే. తొక్కేవారి చూపు రోడ్డు మీంచి వీలైనంత తక్కువసేపు పక్కకు పోయేలా చూడడం మిగతా సగం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్ సెకనుకు ఐదున్నర మీటర్లు దాటుతుంది. పటాన్ని రెండు సెకన్లు చూస్తే పదకొండు మీటర్ల రోడ్డు చూడకుండా గడిచిపోయినట్టే. మన రోడ్ల మీద గుంత గానీ, అడ్డం వచ్చే కుక్క గానీ, తలుపు తెరిచే కారు గానీ ఎదురుపడడానికి ఆ దూరం చాలు. ఈ వ్యాసంలో ఏ పద్ధతిని మెచ్చుకున్నా, ఏది వద్దన్నా, ఆ రెండో సగమే కొలబద్ద.

కాగితపు పటం నుంచి ఉపగ్రహం దాకా

సైకిల్ మీద దూరాలు తిరగడం మొదలైన నాడే దారి తెలుసుకోవలసిన అవసరమూ వచ్చింది. బ్రిటన్‌లో 1878లో పుట్టిన సైక్లిస్టుల టూరింగ్ క్లబ్ సభ్యులు తాము తిరిగిన చోట్ల రోడ్లలో గమనించిన మార్పులు రాసి పంపేవారు. ఎడిన్‌బరోలోని బార్తొలొమ్యూ సంస్థ మైలుకు అర అంగుళం కొలతతో వేసే తన పటాలను వాటి ఆధారంగా సవరించేది. రోడ్డు తొక్కినవారే పటాన్ని దిద్దడం అనే ఆ పద్ధతి ఇప్పటి ఉచిత పటాలకు పునాది వంటిది. ఇక దూరం కొలిచే పని 1895లో అమెరికాలో కర్టిస్ వీడర్ తయారుచేసిన సైక్లోమీటర్‌తో సులువైంది. చక్రం పుల్లకు బిగించిన కొక్కెం ప్రతి చుట్టుకూ ఒకసారి తగిలి, అంకెల చక్రాన్ని ఒక్కో మెట్టు కదిపేది. పటమూ దూరమూ రెండూ చేతికొచ్చాక “ఇన్ని మైళ్లు పోయాక ఎడమకు తిరుగు” అని రాసుకున్న కాగితంతో తెలియని ఊళ్లు తిరగడం సాధ్యమైంది. మలుపుల వరుస రాసిన ఆ కాగితాన్ని సుదూర సైక్లిస్టులు నేటికీ వదల్లేదు. 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవే అనే సుదూర యాత్రలలో జీపీఎస్ ఆగిపోతే ఆదుకునేది అదే.

ఎలక్ట్రానిక్ సాధనాలను సైకిల్‌కు ఎక్కించడంలో తొలినాటి సాహసి అమెరికన్ స్టీవెన్ రాబర్ట్స్. ఆయన 1983లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నుంచి పడుకున్నట్టు వెనక్కి వాలి తొక్కే సైకిల్ మీద, చిన్న పోర్టబుల్ కంప్యూటర్‌తో, సౌర ఫలకంతో దేశాటనకు బయలుదేరారు. బండి ఆపితే తప్ప రాయలేకపోవడం ఆయనకు ఇబ్బందిగా తోచింది. అందుకే రెండో సైకిల్‌కు హ్యాండిల్‌లోనే మీటలు అమర్చి, తొక్కుతూ టైపు చేశారు. మూడోది బెహెమోత్. 1990ల మొదట్లో పూర్తయిన ఈ వాహనం బరువు 260 కిలోలు పైనే, గేర్లు 105. హెల్మెట్‌కు కంటి ముందు చిన్న తెర, తల కదలికతో పనిచేసే మౌస్, ఉపగ్రహ సాధనాలు, ఇవన్నీ ఒక్క సైకిల్ మీద ఉండేవి. అది ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. ఆ బరువు మరెవరూ మోయలేదు గానీ, చేతులు హ్యాండిల్ మీంచి తియ్యకుండా, చూపు రోడ్డు మీంచి మళ్లకుండా సమాచారం అందాలన్న ఆయన పట్టుదల ఈ రంగంలో వచ్చిన ఆలోచనలన్నిటిలోకీ విలువైనది.

సామాన్యులకు జీపీఎస్ నిజంగా ఉపయోగపడింది 2000 మే తర్వాతే. అంతకుముందు అమెరికా సైన్యం పౌరులకు అందే సంకేతంలో కావాలని తప్పు కలిపేది. చూపించిన చోటు వంద మీటర్ల దాకా తేడా ఉండేది. నాలుగు వీధులు కలిసే చోట ఆ తేడాతో ఏ వీధి పట్టాలో తేలదు. అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ కల్తీ ఆగిపోయి, తేడా పది ఇరవై మీటర్లకు దిగింది. సరిగ్గా అదే ఏడాది గార్మిన్ సంస్థ ఈట్రెక్స్ అనే చిన్న పసుపు రంగు పరికరాన్ని తెచ్చింది. రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే ఆ పరికరాన్ని నడకదారుల కోసం చేసినా, వెనక గాడిలోకి జొనిపే హ్యాండిల్ బిగింపు విడిగా దొరికేది. అరచేతి కంప్యూటర్లకు జీపీఎస్ తగిలించి హ్యాండిల్‌కు కట్టుకున్నవారూ ఆ రోజుల్లో ఉన్నారు. ఎండలో తెర కనబడక, గతుకుల్లో తీగ ఊడి ఆ ప్రయత్నాలు ఎక్కువకాలం నిలవలేదు.

సైకిల్ కోసమే చేసిన గార్మిన్ ఎడ్జ్ 205, 305 నమూనాలు 2006లో అంగళ్లలోకి వచ్చాయి. వాటిలో పటం లేదు. పోవలసిన దారి ఒక గీతలా కనబడేది, అంతే. 2008 నాటి ఎడ్జ్ 705తో రంగుల పటం హ్యాండిల్ మీదికి వచ్చింది. 2009లో వచ్చిన ఎడ్జ్ 500 పటం చూపకపోయినా, బిగింపుల చరిత్రలో దానికి పెద్ద చోటే ఇవ్వాలి. పరికరం అడుగున రెండు చెవులు, హ్యాండిల్ మీది బిగింపులో వాటికి సరిపడే గాడి, అందులో ఉంచి పావు చుట్టు తిప్పితే కూర్చునే ఏర్పాటు దానితోనే మొదలైంది. ఇతర కంపెనీల బిగింపులు కూడా ఆ కొలతను అనుసరించడంతో అది ఇంచుమించు ప్రమాణమైపోయింది. 2016లో జీపీఎస్ సైకిల్ కంప్యూటర్లతో వచ్చిన వాహూ కూడా పావు చుట్టునే ఎంచుకుంది, కాకపోతే చెవుల అమరిక వేరు. ఒకరి పరికరం ఇంకొకరి బిగింపులో కూర్చోదు. కొనేముందు ఇది చూసుకోవాలి.

ఫోన్ల వైపు నుంచి చూస్తే, జీపీఎస్ ఉన్న తొలి ఐఫోన్ 2008లో వచ్చింది. 2010లో నోకియా నైరోబీలో ప్రకటించిన సైకిల్ చార్జర్ కిట్ గుర్తుంచుకోదగ్గది. టైరుకు ఆనుకుని తిరిగే డైనమో, ఫోన్‌ను హ్యాండిల్‌కు పట్టి ఉంచే హోల్డర్ అందులో ఉండేవి. కరెంటు సరిగా అందని ఊళ్లలో సైకిలే చార్జింగ్ కేంద్రం కావాలన్నది ఆలోచన. దారి చూపడం దాని ఉద్దేశం కాదు. అయినా హ్యాండిల్ మీద ఫోను, చక్రం నుంచి కరెంటు అనే జోడీని పేదవారి సైకిల్‌కు ఉద్దేశించి ఒక పెద్ద కంపెనీ అందించడం అరుదైన సంగతి.

ఎక్కడ బిగించాలి

సైకిల్ మీద పరికరానికి అనువైన చోట్లు మూడు: హ్యాండిల్ కడ్డీ, దాన్ని ఫోర్కుతో కలిపే స్టెమ్, కూర్చునే చోటుకీ హ్యాండిల్‌కీ మధ్యనున్న పై గొట్టం. హ్యాండిల్‌కు ముందుకు చాచిన చేయి మీద బిగించడం నాలుగో పద్ధతి.

చూపు సంగతి ముందు పెట్టుకుంటే ముందుకు చాచిన చేయిదే మొదటి స్థానం. రోడ్డు మీది చూపుకీ తెర మీది చూపుకీ మధ్య కోణం ఇక్కడే తక్కువ. స్టెమ్ మీద పెడితే గడ్డం దించాలి. పై గొట్టం మీది పారదర్శక సంచీలో పెడితే తల పూర్తిగా వంచాలి. అలాంటి సంచీలు చవక, వానకు కొంత అడ్డు కూడా, అందుకే బాగా అమ్ముడుపోతాయి. ఆగి చూసుకునేవారికి అవి పనికొస్తాయి. కదులుతూ దారి చూసుకోవడానికి ఆ చోటు ఎంచుకోకపోవడమే మంచిది. అయితే చాచిన చేయికి ఒక బలహీనత ఉంది. ఆధారానికి ఎంత దూరం పోతే అదురు అంత పెరుగుతుంది. వంద గ్రాములు కూడా తూగని చిన్న సైకిల్ కంప్యూటర్‌కు ఇది లెక్కలోకి రాదు. రెండువందల గ్రాములు దాటిన ఫోన్‌ను అక్కడ పెడితే గతుకుల్లో బోల్టు వదులై, ముక్కు కిందికి వాలుతుంది. ఫోను వాడేవారికి స్టెమ్‌కు ఆనుకుని, హ్యాండిల్ మధ్యలో, కంటికి ఎదురుగా కొంచెం వాల్చి పెట్టుకోవడం ఈ రెంటికీ మధ్యేమార్గం.

క్లాంపు కొనేముందు కడ్డీ లావు కొలవాలి. చేతిపట్టు ఉండే భాగంలో కడ్డీ సాధారణంగా 22.2 మి.మీ. ఉంటుంది. స్టెమ్ పట్టుకునే మధ్యభాగం పాత సైకిళ్లలో 25.4 గానీ 26 గానీ, ఇప్పటి సైకిళ్లలో ఎక్కువగా 31.8, కొన్ని మౌంటెన్ బైకుల్లో 35 మి.మీ. పెద్ద క్లాంపును సన్న కడ్డీకి బిగించవలసి వస్తే మధ్యలో రబ్బరు పట్టీ వేస్తారు. పట్టీ దొరక్కపోతే పంక్చర్ల షాపులో పారేసిన పాత ట్యూబు ముక్క చాలు. నునుపైన క్రోమియం పూత మీద ప్లాస్టిక్ క్లాంపు జారిపోతుంది. ట్యూబు ముక్క ఆ జారుడును ఆపడమే కాక సన్నని అదురును కొంత మింగేస్తుంది. కార్బన్ హ్యాండిల్ అయితే బోల్టును బలం కొద్దీ తిప్పకూడదు. బిగింపు మీద ముద్రించిన హద్దు దాటితే బయటికి కనబడని పగులు లోపల పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒక గతుకులో కడ్డీయే విరగవచ్చు.

మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న నల్ల సైకిల్ హ్యాండిల్‌కు వేరే ఇబ్బంది ఉంది. కడ్డీ వెనక్కి వంపు తిరిగి ఉంటుంది. బ్రేకు కడ్డీలు హ్యాండిల్ కిందుగా సాగి మధ్యకు చేరతాయి. క్లాంపు వాటిని తాకితే బ్రేకు పట్టుకుపోతుంది. కాబట్టి స్టెమ్ పక్కన, కడ్డీ తిన్నగా ఉన్న కాస్త భాగంలోనే బిగించి, బ్రేకు నాలుగైదుసార్లు పట్టి వదిలి చూసుకోవాలి. ముందు బుట్ట ఉన్న సైకిళ్లలో బుట్ట అంచు కంటే ఎత్తులో పరికరం ఉండాలి, లేకపోతే వేసిన సంచులు తెరను మూసేస్తాయి.

పట్టు రకాలు అనేకం. నాలుగు మూలల్నీ రబ్బరుతో లాగి పట్టే సిలికాన్ పట్టీ అన్నిటికంటే తేలిక, చవక. ఏ ఫోన్‌కైనా సరిపోతుంది, కానీ తెర అంచుల్ని కప్పుతుంది. రబ్బరు ఎండకు పెళుసుబారుతుంది కాబట్టి ఏటా మార్చాలి. స్ప్రింగుతో రెండు వైపులా నొక్కి పట్టే దవడలు పట్టణ రోడ్లకు చాలు. రాళ్ల బాటకు చాలవు. ఫోన్ తొడుగులోనే గాడి ఉండి, మెలితిప్పి లాక్ చేసే రకాన్ని ఆస్ట్రేలియాకు చెందిన క్వాడ్ లాక్ వంటి సంస్థలు వాడుకలోకి తెచ్చాయి. గతుకుల దారిలో దీని పట్టు నమ్మదగ్గది. ధర మాత్రం ఎక్కువ, ఫోన్ మారిస్తే తొడుగూ మార్చాలి. అమెరికాలోని రామ్ మౌంట్స్ వారి రబ్బరు గుండు, దాన్ని రెండు వైపులా పట్టే గిన్నెల ఏర్పాటుతో ఏ కోణానికైనా వాల్చుకోవచ్చు. పడవల్లో, మోటారు సైకిళ్ల మీద ఎక్కువగా కనబడుతుంది. సైకిల్‌కు కొంచెం బరువే. ఏ రకమైనా సరే, పరికరం నుంచి హ్యాండిల్‌కు ఒక సన్న తాడు కట్టుకోవడం తప్పనిసరి అని ఈ రచయిత అభిప్రాయం. ప్లాస్టిక్ చెవి విరిగిన క్షణంలో ఫోన్ పగలడం ఒక నష్టం. పడుతున్న ఫోన్ కోసం చెయ్యి చాచి తొక్కేవారు పడడం అంతకంటే పెద్ద నష్టం.

అదురు

గట్టి ఫోర్కు ఉన్న సైకిల్‌లో రోడ్డు గరుకంతా హ్యాండిల్‌కు చేరుతుంది. దాని వల్ల బోల్టులు వదులవుతాయి, బ్యాటరీ స్పర్శ తెగి పరికరం ఆరిపోతుంది. పెన్సిల్ బ్యాటరీలు వాడే జీపీఎస్‌లలో ఇది పాత జబ్బు. బ్యాటరీ పక్కన చిన్న కాగితం మడత పెట్టి బిగువు చేయడం అనుభవజ్ఞులు చేసే పని. ఫోన్లలో దెబ్బతినేది కెమెరా. వణుకు లేకుండా ఫొటో తీయడానికి కటకాన్ని లోపల తేలియాడేలా అమర్చుతారు. గైరోస్కోపులు, అయస్కాంత సెన్సార్లు పసిగట్టిన కదలికను బట్టి అది సర్దుకుంటుంది. ఎక్కువ శక్తిగల మోటారు సైకిల్ ఇంజన్ల అదురుకు చాలాకాలం గురైతే ఈ ఏర్పాటు పాడవవచ్చని ఆపిల్ సంస్థ 2021 సెప్టెంబరులో వినియోగదారులను హెచ్చరించింది. మోపెడ్లు, స్కూటర్ల మీద కూడా అదురు తగ్గించే బిగింపు వాడమంది. ఆ హెచ్చరికలో తొక్కుడు సైకిల్ ప్రస్తావన లేదు. సైకిల్‌కు ఇంజన్ లేదు కాబట్టి ఆ తరహా ఎడతెగని వేగపు కంపనం ఉండదు. ఉన్నదల్లా గతుకుల కుదుపు. అయినా ఖరీదైన ఫోన్‌ను రోజూ రాళ్ల దారిలో తిప్పేవారు రబ్బరు దిమ్మెలున్న బిగింపు ఎంచుకోవడం మేలు. పాత ఫోన్ ఒకటి ఇంట్లో పడి ఉంటే దాన్నే దారి చూపడానికి కేటాయించుకోవడం అంతకంటే మేలు. పటం ముందే దించుకుంటే సిమ్ కూడా అక్కరలేదు. జీపీఎస్ సంకేతం ఇంటర్నెట్ లేకుండానే అందుతుంది.

ఎండ, వాన

ఐఫోన్ వాడదగిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వరకు అని తయారీదారే చెబుతున్నాడు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం నీడలోనే 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. ఎండలో హ్యాండిల్ మీద నల్లని ఫోన్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. అప్పుడు ఫోన్ ముందు వెలుగు తగ్గించుకుంటుంది, తర్వాత చార్జింగ్ ఆపేస్తుంది, చివరికి చల్లబడేదాకా పనిచేయనంటుంది. వెలుగు తగ్గిన తెరలో ఎండపూట పటం కనబడదు. అవసరమైన వేళకే దారి మాయమవుతుంది. పారదర్శక సంచీలో పెడితే లోపలి గాలి కాగి పరిస్థితి ఇంకా విషమిస్తుంది. సైకిల్ కంప్యూటర్లకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే వాటిలో చాలావాటి తెర పడిన వెలుతురునే తిప్పికొట్టి చూపుతుంది. ఎండ ఎక్కువయ్యేకొద్దీ బొమ్మ స్పష్టమవుతుంది, కరెంటూ పెద్దగా తినదు. తెలుగునాట వేసవిలో రోజంతా తొక్కేవారికి విడి కంప్యూటర్ కొనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. నల్లకళ్లద్దాలు పెట్టుకునేవారు ఒక విషయం చూసుకోవాలి: పోలరైజ్డ్ అద్దాల్లోంచి కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లగా కనిపిస్తాయి. కొనేముందు పెట్టుకుని చూడాలి.

వానాకాలం కష్టం వేరు. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోదని అర్థం. వానలో తొక్కడానికి అది చాలు. ఆ పరీక్ష మంచినీటిలో, కొత్త పరికరంతో చేసేది. రబ్బరు అంచు అరిగిన పాత ఫోన్‌కు వర్తించదు. తెరను తాకి పనిచేయించే పరికరాలు వాన చినుకునూ వేలనుకుంటాయి. పటం దానంతటదే జరిగిపోతుంది, దారి రద్దవుతుంది. నొక్కే బటన్లున్న పరికరానికి ఈ బెడద లేదు. నుదుటి నుంచి కారే చెమటతోనూ ఇదే జరుగుతుంది. తీగ గుచ్చి చార్జింగ్ చేసేటప్పుడు ఆ రంధ్రం తెరుచుకుని ఉంటుంది కాబట్టి వానలో చార్జింగ్ పెట్టకపోవడమే మంచిది.

కరెంటు ఎక్కడినుంచి

తెర ఎప్పుడూ వెలుగుతూ, జీపీఎస్ పనిచేస్తూ ఉంటే ఫోన్ బ్యాటరీ కొన్ని గంటల్లోనే అడుగంటుతుంది. 5000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్ గంటల శక్తి. 10,000 అని రాసిన పవర్ బ్యాంకులో 37 వాట్ గంటలు ఉన్నా, ఐదు వోల్టులకు మార్చడంలో కొంత పోతుంది. అంటే అంతటి ఫోన్‌ను అది రెండుసార్లు పూర్తిగా నింపలేకపోవచ్చు. దూరప్రయాణికులు ముందు చక్రం ఇరుసులో ఇమిడే హబ్ డైనమో వాడతారు. ఆరు వోల్టులు, మూడు వాట్లు దాని ప్రమాణం. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగం దగ్గర ఆ మూడు వాట్లు అందుతాయి. యూఎస్‌బీకి మార్చాక ఫోన్‌కు చేరేది రెండున్నర అనుకుంటే, ఆ 19 వాట్ గంటలు నిండడానికి ఎనిమిది గంటలు తొక్కాలి. ఘాట్ రోడ్డు ఎక్కుతూ వేగం పడిపోతే చార్జింగ్ తెగి తెగి వస్తుంది. అందుకని డైనమోతో నేరుగా ఫోన్‌ను కాకుండా చిన్న పవర్ బ్యాంకును నింపి, దాని నుంచి ఫోన్‌కు ఇవ్వడం వాడుక.

ఇవన్నీ అక్కర్లేకుండా చేసే ఉపాయం తెర ఆర్పేయడం. మలుపుకు ముందు మాత్రమే వెలిగేలా కొన్ని యాప్‌లలో అమరిక ఉంటుంది. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి తెలుగులోనే మలుపులు చెబుతోంది. ఓస్మ్‌అండ్ వంటి యాప్‌లకు ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. మాట వింటూ తొక్కితే చూపు రోడ్డు మీదే ఉంటుంది, బ్యాటరీ నిలుస్తుంది, ఫోన్ జేబులో ఉన్నా పని జరుగుతుంది. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మాత్రం వెనక వచ్చే లారీ హారన్ వినబడదు. ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కేవారు ఇయర్‌ఫోన్లు వాడడాన్ని 2015 జులై నుంచి నిషేధించారు. ఫోన్ స్పీకర్ నుంచి వినడమే మంచి పద్ధతి. లండన్‌కు చెందిన బీలైన్ సంస్థ తొలి పరికరం పటం తీసేసి, గుండ్రని చిన్న తెర మీద పోవలసిన దిక్కుకు ఒక బాణం, దూరం మాత్రమే చూపేది. ఎంత తక్కువ చూపిస్తే అంత క్షేమం అన్న తర్కం అక్కడ పనిచేసింది. తెలిసిన నగరంలో తెలియని పేటకు పోవడానికి అది చాలు.

పటమూ సంకేతమూ

బిగింపు ఎంత గట్టిదైనా పరికరం చెప్పే దారి తప్పైతే ప్రయోజనం లేదు. జీపీఎస్ ప్రధాన సంకేతం, అంటే ఎల్1, 1575.42 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో వస్తుంది. ఎత్తైన భవనాల మధ్య అది గోడలకు తగిలి తిరిగి చేరుతుంది. ఆ ఆలస్యాన్ని పరికరం దూరంగా లెక్కేసి పక్క వీధిలో ఉన్నట్టు చూపుతుంది. 2018 నుంచి కొన్ని ఫోన్లు రెండో పౌనఃపున్యాన్నీ అందుకుంటూ ఈ తప్పును తగ్గిస్తున్నాయి. శ్రీహరికోట నుంచి 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01 దారి చూపే మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌లో ఎల్1 సంకేతాన్ని పంపే తొలి ఉపగ్రహం. చిన్న పరికరాల్లో, ఫోన్లలో నావిక్ వాడకం విస్తరించడానికి ఆ సంకేతం ముఖ్యం. చేతి జీపీఎస్‌లో ఆంటెనా ఆకాశం వైపు ఉండేలా వాల్చుకోవాలి. బిగింపులో అయస్కాంతం ఉంటే, చుట్టూ ఇనుము ఉంటే ఫోన్‌లోని దిక్సూచి తప్పు దిశ చూపుతుంది. కదులుతున్నప్పుడు పరికరం కదలికను బట్టి దిశ తెలుసుకుంటుంది కాబట్టి తేడా తెలియదు. కూడలిలో ఆగగానే బాణం అటూ ఇటూ తిరుగుతుంది. పది అడుగులు ముందుకు పోతే సర్దుకుంటుంది.

జీపీఎస్‌కు ఎత్తు అంత బాగా తెలియదు. ఫ్లైఓవర్ పైన ఉన్నారో కింద ఉన్నారో చెప్పడంలో పొరబడుతుంది. హైదరాబాద్‌లో ఇది ప్రమాదకరమే. యాప్ ఎంచే దారితోనూ అక్కడ జాగ్రత్త అవసరం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు; సైకిల్‌కూ లేదు. యాప్‌ను కారు అమరికలో వదిలేస్తే అది అటువైపే పంపుతుంది. 2017 డిసెంబరులో గూగుల్ మన దేశంలో మొదలుపెట్టిన టూవీలర్ అమరిక దీనికంటే నయం, కానీ అది మోటారు బండ్ల కోసం. అదే ఔటర్ పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ దారికి చేరాలంటే సర్వీస్ రోడ్డు పట్టాలి. తొక్కబోయే దారిని ముందురోజు పటం మీద వేలితో ఒకసారి పరిశీలించి, జీపీఎక్స్ అనే దారి ఫైలుగా పరికరంలో వేసుకోవడం క్షేమం. అప్పుడు పరికరం కొత్త దారి వెతకదు, ఇచ్చిన గీతనే చూపుతుంది.

చట్టం

దేశాలు ఈ విషయంలో ఒకే తీరుగా లేవు. నెదర్లాండ్స్ 2019 జులై నుంచి సైకిల్ మీద ఫోన్ చేత్తో పట్టుకోవడాన్ని నిషేధించింది. బిగించుకుంటే అభ్యంతరం లేదు. జపాన్ ఇంకా కఠినం. అక్కడ 2024 నవంబరు నుంచి తొక్కుతూ ఫోన్ వాడితే ఆరు నెలల దాకా జైలు గానీ లక్ష యెన్ల దాకా జరిమానా గానీ పడవచ్చు. బిగించిన తెర వైపు అదేపనిగా చూడడాన్నీ ఆ చట్టం నిషేధించింది. మన దేశంలో 2020 అక్టోబరు నుంచి అమలైన మోటారు వాహన నియమాల సవరణ, ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే చేతి పరికరాలను అనుమతిస్తోంది. సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి ఆ నియమం దానికి నేరుగా తగలదు. పాటించదగ్గది మాత్రం అదే. విదేశాల నుంచి వచ్చే తెలుగువారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మామూలు జీపీఎస్‌తో ఇబ్బంది లేదు గానీ, ఇరిడియం, తురాయా ఉపగ్రహాల ద్వారా సందేశాలు పంపే పరికరాలను టెలికాం శాఖ అనుమతి లేకుండా భారతదేశంలోకి తేవడం నేరం. సైకిల్ యాత్రికులు అలాంటివి సామానులో పెట్టుకోవడం అలవాటు కాబట్టి ఈ మాట చెప్పవలసి వస్తోంది.

యాప్‌లలో, సైకిల్ కంప్యూటర్లలో చాలావాటికి ఆధారం 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఎవరైనా దిద్దగల పటం అది. గోదావరి పుంతలు, గుంటూరు డొంకలు, తెలంగాణ బండ్ల బాటలు, కృష్ణా కాలవ గట్లు సైకిల్‌కు అన్నిటికంటే మంచి దారులు, లారీ కనబడని దారులు. వాటిలో చాలా భాగం ఈ పటంలోకి ఇంకా ఎక్కలేదు, ఎక్కిన ఊళ్లలో కొన్నిటికి తెలుగు పేరు లేదు. హ్యాండిల్ మీద పరికరం ఉన్న ప్రతి ఒక్కరూ తాము తొక్కిన బాటను ఆ పటంలో గీయండి, ఊరి పేరు తెలుగులో చేర్చండి. వేరే కంపెనీ పటం చూసి కాపీ చేయవద్దు. మీరు వెళ్లి చూసినదే రాయండి. ఖాతా ఉచితం, పని ఒక సాయంత్రానిది.